ఉన్నది ఉన్నట్టుగా

"నొప్పేస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, నోటితో మాత్రం ఏమీ చెప్పాలని చూడకండి" అంది పళ్ళ డాక్టరు, నా చిగుళ్ళలోకి రెండో సూది దించుతూ. చెప్పాల్సింది గంపెడున్న మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేసి ఉండదు. ఎదురుగా గోడ మీద గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. పన్నెండింటికి నేను రాసిన నాలుగు పేజీలు లోకంలోకి వెళ్ళిపోతాయి, అందులో పొద్దున నేను చేర్చిన ఒకే ఒక్క వాక్యం ఉంటుందో, ఎవరైనా పీకి పారేస్తారో తెలీదు, ఇక్కడేమో నేను తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టుకుని, నోరు ఇంత తెరుచుకుని, పైకప్పులో వెలిగే దీపాన్ని చూస్తూ పడుకున్నాను. నా సంచి తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. అందులో ఫోను డబ్బాలో చిక్కిన తుమ్మెదలా గుయ్యిమంటోంది. ఒక్కసారి గుయ్యిమంటే మెసేజి, ఆగకుండా గుయ్యిమంటే ఎవరో పిలుస్తున్నట్టు. ఇప్పటికి నాలుగు మెసేజిలు, ఒక పిలుపు. ఎవరు, ఏమని? ఈరోజు కాదంటే మళ్ళీ మూడు వారాలకి గాని ఖాళీ లేదంది ఇక్కడ ఫోనెత్తే మనిషి. పోనీ మూడు వారాలు ఓ పక్కనే నములుకుంటానులే అన్నాను, పిన్ని ఒప్పుకోలేదు, పన్ను మెల్లిగా చెప్పినప్పుడే వినాలి, లేకపోతే అరిచి చెప్తుంది అని పొద్దున్నే వచ్చి కూర్చుంది మా గుమ్మంలో, చెప్పులు కూడా విప్పకుండా. ఇప్పుడు బయట వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, డ్యూటీలో ఉన్నట్టు. మా అమ్మ చెల్లెలు. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఆవిడకి నేనొక మాట చెప్పాలి. తొమ్మిది రోజులుగా చెప్పాలి.

"మీదేం ఉద్యోగం?" అంది డాక్టరు, నా నోట్లో రెండు వేళ్ళూ ఒక అద్దమూ ఒక గొట్టమూ ఉండగా. ఈ పళ్ళ డాక్టర్లందరికీ ఈ విద్య ఎక్కడ నేర్పుతారో, జవాబు చెప్పలేని స్థితిలోకి తెచ్చాకే ప్రశ్నలడుగుతారు. ఆఁ అన్నాను. "అలాగా" అంది ఆవిడ తృప్తిగా, తన వంటగదిలో వేయిస్తున్న టైల్స్ సంగతి మొదలుపెట్టింది. నోరు ఖాళీగా ఉన్నా నా ఉద్యోగం ఏమిటో చెప్పడం కష్టమే. బట్టలుతికే మిషను కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరూ చదవకుండా సొరుగులో పడేస్తారే, అది రాసేదాన్ని. పదకొండేళ్ళు రాశాను. మిషన్లు, మోటార్లు, ఫ్యాన్లు. తడి చేతులతో ముట్టుకోవద్దు అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, మా ఇంట్లో మా ఆయనే తడి చేతులతో ముట్టుకుంటాడు. మనుషులు చదవరు, చదివినా నమ్మరు, నమ్మినా తమకి కాదనుకుంటారు. ఆ పదకొండేళ్ళూ నాకదే కడుపుమంట, నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసినదాన్ని ఒక్కడైనా మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివితే చాలనుకునేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ కోరిక మంచిదైనా తీరినప్పుడు మంచి జరుగుతుందని ఎవరూ అనలేదు. ఇప్పుడు నన్ను చదివేవాడు దొరికాడు. ప్రతి అక్షరం చదువుతాడు, ప్రతి అక్షరం నమ్ముతాడు. అయితే వాడు మనిషి కాదు.

ఇప్పుడు నేను పనిచేసే కంపెనీ ఏఐ ఏజెంట్లకి పనిముట్లు తయారుచేస్తుంది. ఏజెంటు అంటే ఫోన్లో మనం ఏదైనా అడిగితే మన తరఫున వెతికి, చూసి, చేసిపెట్టే ప్రోగ్రాము. దానికి బుర్ర ఉంది గానీ కాళ్ళూ చేతులూ లేవు, ఇంటర్నెట్టులో ఒక పేజీ చూడాలంటే ఎవరో వెళ్ళి తెచ్చి దాని ముందు పెట్టాలి. ఆ తెచ్చే టూలు మాది. చిరునామా ఇస్తే చాలు, పరుగున వెళ్తుంది, పేజీలో ప్రకటనలూ బొమ్మలూ తీసేస్తుంది, అసలు విషయం మాత్రం మూట కట్టి తెస్తుంది. అంతే, ఇంటికి కూరగాయలు తెచ్చే మనిషి లాంటిది. ఈ టూలు ఏమిటి, ఎప్పుడు వాడాలి, ఏం అడగాలి, ఏం వస్తుంది అని నాలుగు పేజీలు రాయాలి, టూలు మారినప్పుడల్లా తిరగరాయాలి, అది నా పని. ఆ నాలుగు పేజీల్లో మొదటి పేరా ఏజెంటుకే నేరుగా వెళ్తుంది, వాడు దాన్ని చదివే ఏం చెయ్యాలో తేల్చుకుంటాడు. దీన్ని కట్టిన ఇంజనీరుకి ఆఫీసులో అందరూ అయిపోయినట్టే అని పేరు పెట్టారు, ఏది అడిగినా ఆ కుర్రాడి నోట అదే మాట, అయిపోయినట్టే మేడమ్. లాగిన్ అడిగే పేజీకి వెళ్తే ఏం తెస్తుంది బాబూ అంటే, అది అయిపోయినట్టే మేడమ్. చూస్తే లాగిన్ పేజీలోని మాటలనే మూట కట్టి తెచ్చి ఇదుగో మీరడిగిన వార్త అని పెడుతోంది, మీ పాస్‌వర్డు మర్చిపోయారా అనేది వార్త! పేజీ మరీ పొడుగైతే? సగంలో తెంచేస్తుంది మేడమ్. తెంచానని చెప్తుందా? కొంచెం ఆలోచించి, చెప్పేలా చెయ్యడం అయిపోయినట్టే మేడమ్. ఒక్కో జవాబు రాబట్టడానికి ఒక్కో రోజు, కాంటీన్లో కాపు కాసి, లిఫ్టు దగ్గర కాపు కాసి. పంటి కింద రాళ్ళు ఏరినట్టు ఏరుకుంటూ వచ్చాను, చివరికి పన్నే పోయింది.

గుయ్యిమంది. ఇది నా ఫోను కాదు, డాక్టరు చేతిలో మర. పన్ను లోపలెక్కడో రోడ్డు తవ్వుతున్నట్టు పుర్రె మొత్తం అదిరింది. నొప్పి లేదు, నొప్పి లేకపోవడం వల్లే ఇంకా భయం. ఆ మర ఆగిన సందులో సంచి వైపునుంచి చిన్న గుయ్యి. ఐదో మెసేజి. పదకొండూ పద్దెనిమిది. ఎడమ చెయ్యి ఎత్తాను. "అయ్యో నొప్పేస్తోందా?" అని డాక్టరు ఆగింది. సంచి వైపు చూపించాను. ఆవిడ సంచి వైపు చూసింది, నా వైపు చూసింది, "మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది" అని ఇంకో సూది గుచ్చింది. ఇప్పుడు దవడతోపాటు ముక్కు కూడా లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దలు. నీలం రంగు టైల్స్ తెమ్మంటే ఆకుపచ్చవి తెచ్చాడట మేస్త్రీ, ఇవే కదా చెప్పారు అన్నాడట పైగా, ఇంతలేసి అబద్ధం అలా ఎలా ఆడతారండీ మొహం చూసి, అంది డాక్టరు. ఆఁ అన్నాను. అబద్ధం ఆడాలని ఆడి ఉండడమ్మా, అతనికి ఎవరో ఇవేనని చెప్పి ఉంటారు, అతను నమ్మి ఉంటాడు.

నా వాక్యం అలాంటిదే. ఆర్నెల్ల కిందట, మొదటిసారి ఈ టూలు గురించి రాసినప్పుడు, మొదటి పేరాలో మొదటి వాక్యం, ఇచ్చిన చిరునామాలోని పేజీని ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి ఇస్తుంది. పలికి చూసుకుంటే మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తట్టుకోకుండా జారిపోయే వాక్యం. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా. ఇంజనీరుని అడిగితే, లైవ్ పేజీయే మేడమ్, అన్నాడు. నేను పరీక్షించి చూడలేదు. మిషన్ల రోజుల్లో బట్టలు వేసి, నీళ్ళు పోసి, మీట తిప్పి, గిర్రున తిరగడం కళ్ళతో చూశాకే రాసేదాన్ని, ఆ రోజుల్లో నాకు ఒక పట్టుదల ఉండేది, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే ఇంజనీర్లతో పోట్లాడి నాలుగో కాలు చూపించేదాన్ని. ఈసారి ఏమైంది? అలిసిపోయాను. ఆ వారంలో మూడు టూల్సు, మూడింటికీ ఒకటే గడువు. వాక్యం బాగుంది కదా అని వదిలేశాను. బాగున్న వాక్యాన్ని ఎవరూ అనుమానించరు, రాసినదాన్ని అసలే అనుమానించదు. మేనేజరు కూడా మెచ్చుకున్నాడు, ఇలా ధైర్యంగా ఉండాలండీ మన డాక్యుమెంట్లు అని.

పిన్ని ఫోన్లో ఆ ఏజెంటుని పెట్టింది నేనే. అద్దాలు పెట్టుకుని, చూపుడువేలు గాల్లో ఆడిస్తూ, ఎక్కడ నొక్కాలే అని ప్రతి చిన్నదానికీ మా ఇంటికి రావడం ఎందుకని, ఇదిగో దీన్ని నోటితో అడుగు పిన్నీ, అన్నీ చెప్తుంది అన్నాను. చెప్పింది. బస్సు వేళలు చెప్పింది, మోకాళ్ళకి ఏ వ్యాయామం చెయ్యాలో చెప్పింది, నీకంటే మర్యాదగా మాట్లాడుతుందే అని నన్ను దెప్పింది పిన్ని. పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడకి ఎవరో ఫోన్ చేశారు, పొడుగు సిస్టరుకి బాగా సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో పెట్టారు, మీ పేరు ఒకటి రెండుసార్లు అంది అని. పొడుగు సిస్టరు పిన్నితోపాటు ఇరవై ఏళ్ళు ఒకే వార్డులో చేసింది. నర్సులు ఒకరినొకరు సిస్టరనే పిలుచుకుంటారు, ఆవిడ తలుపు కింద తలవంచి రావాల్సినంత పొడుగు. నా చిన్నప్పుడు వాళ్ళిద్దరూ డ్యూటీ దిగి మా ఇంటికొచ్చి, బూట్లు విప్పేసి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, రోగుల గురించి పగలబడి నవ్వుతూ కూర్చునేవాళ్ళు, ఒక కప్పు టీ ఇద్దరూ చెరిసగం. తర్వాత ఏదో వచ్చింది మధ్యలో. తొమ్మిదేళ్ళయింది మాటల్లేక. ఎందుకు పిన్నీ అంటే, పని చూసుకో అనేది.

ఆ మధ్యాహ్నం పిన్ని ఏజెంటుని అడిగింది, ఆ ఆస్పత్రిలో రోగుల్ని చూడడానికి ఎన్నింటికి రానిస్తారు అని. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు అని చెప్పింది, ఆస్పత్రి వెబ్‌సైటు ప్రకారం అని కూడా చెప్పింది, బహుశా అనలేదు, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి అనలేదు. నేను ఉన్నది ఉన్నట్టుగా అని రాసినప్పుడు అది బహుశా అని ఎందుకంటుంది? పిన్ని నాలుగు వరకూ ఇంట్లో కూర్చుంది, చీర మార్చుకుంది, రెండు బస్సులెక్కి ఐదు కొట్టకముందే గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు దగ్గర గార్డు, నెల్లాళ్ళ కిందటే మార్చారమ్మా, ఇప్పుడు మూడు నుంచి నాలుగే, రేపు రండి అన్నాడు. నేను నర్సునయ్యా అంది. అందరూ అదే అంటారమ్మా అన్నాడు. మర్నాటి పొద్దునకి పొడుగు సిస్టరు లేదు.

పిన్ని ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ వారమంతా మా ఇంటికొచ్చి కూర్చునేది, కిటికీ పక్కన, టీ ఇస్తే సగం తాగి మిగతాది వదిలేసేది. పాపం దానికేం తెలుసు, దానికి తెలిసినంత చెప్పింది, అంది ఏజెంటు గురించి. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆవిడ ఫోను తీసుకుని చూస్తే జవాబు కింద చిన్న అక్షరాల్లో మా టూలు పేరు ఉంది. ఆస్పత్రి పేజీ తెరిచి చూస్తే మూడు నుంచి నాలుగు అని ఎర్రటి అక్షరాలతో శుభ్రంగా ఉంది, వేళలు మారి అప్పటికే నెల దాటింది. అప్పట్నుంచి ఇంజనీరు వెంట పడ్డాను. లేదు మేడమ్, లైవ్ పేజీయే మేడమ్, ఆస్పత్రి వాళ్ళే ఏదో తేడా చేసి ఉంటారు మేడమ్, ఎనిమిది రోజులు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఈ పొద్దున తొమ్మిదింటికి, పన్ను పోట్లు పొడుస్తూ ఉండగా, నేనే ఒక చిన్న పేజీ తయారుచేసి ఇంటర్నెట్టులో పెట్టాను, అందులో ఎరుపు అని ఒక్క మాట రాసి. టూలుని పంపాను, ఎరుపు అని తెచ్చింది. దాన్ని చెరిపి నీలం అని రాశాను. మళ్ళీ పంపాను. ఎరుపు అని తెచ్చింది. పది నిమిషాలాగి పంపాను, ఎరుపు. అరగంట ఆగి పంపాను, అదే ఎరుపు, అదే వినయంగా, తేదీ లేదు, వేళ లేదు, ఇది పాతదండీ అనే చిన్న దగ్గు కూడా లేదు. అప్పుడు ఫోన్ చేస్తే, ఆఁ అదా మేడమ్ అన్నాడు. ఒకసారి తెచ్చిన పేజీని దాచి ఉంచుకుంటాం, మళ్ళీ అడిగితే దాన్నే ఇచ్చేస్తాం, వేగం కోసం మేడమ్, ఎవరికీ తేడా తెలీదు. ఎప్పుడూ ఇంతేనా అంటే, అబ్బే, కొన్నిసార్లే మేడమ్. నేను ఎనిమిది రోజులు అడిగానే! మీరు లైవా కాదా అని అడిగారు మేడమ్, దాచిందా అని అడగలేదు.

దవడ పట్టుకుని కుర్చీలోంచి లేవాలనిపించింది అప్పుడు, ఇప్పుడు కూడా. పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాను, ఈ టూలు కొన్నిసార్లు ఇంతకుముందు దాచి ఉంచిన పాత కాపీని ఇస్తుంది, వేళలూ తేదీలూ మందుల వివరాలూ చెప్పేటప్పుడు నేరుగా కనుక్కోమని మనిషికి చెప్పాలి అని. నా ఆమోదం గుర్తు పెట్టాను, ఆ పచ్చ గుర్తు లేకపోతే పేజీలు బయటికి వెళ్ళవు. అప్పుడే పిన్ని గుమ్మంలోంచి, పదిన్నరయింది పద, అంది.

"ఒక్క నిమిషం, ఎక్స్‌రే చూసొస్తాను, అలాగే నోరు తెరుచుకుని ఉండండి" అని డాక్టరు పక్క గదిలోకి వెళ్ళింది. పదకొండూ ముప్పై ఆరు. అలాగే నోరు తెరుచుకునే లేచాను. మెడలో కట్టిన గుడ్డతో, నోట్లోంచి వేలాడే రబ్బరు తొడుగుతో, చొంగ కారుతూ, నాలుగడుగులు వేసి సంచిలోంచి ఫోను లాగాను. మేనేజరు మెసేజి. ఆ కొత్త వాక్యం తీసేశామండీ, చదివితే భయంగా ఉంది, పాతదే చక్కగా ఉంది, మీ ఆమోదం ఎలాగూ ఉంది కదా, పన్నెండుకి పంపేస్తున్నాం. నా ఆమోదం! వాక్యం మార్చి నా పచ్చ గుర్తు మాత్రం అలాగే ఉంచుకున్నారు. ఇంజనీరుకి ఫోన్ కలిపాను. "హీయొహు" అన్నాను, తియ్యొద్దు అనబోయి, "వాహ్యం హీయొహు!" "హలో? మేడమ్ ఫోను చిన్నపిల్లలెవరో పట్టుకున్నట్టున్నారండీ" అని పక్కన ఎవరికో చెప్పి పెట్టేశాడు. నోట్లో నువ్వుగింజ నానదని పేరు తెచ్చుకున్నదాన్ని, ముగ్గురు మేనేజర్లని మాటల్తో పారిపోయేలా చేసినదాన్ని, నాకీ గతి! పేజీ తెరిచాను, అడుగున నా పేరు పక్కన పచ్చ గుర్తు, దాని మీద వేలు పెట్టి తీసేశాను. నిజంగానే తీసేస్తారా అని అడిగింది ఫోను. అడగడానికి నువ్వొక్కదానివి మిగిలావా, అవును, తీసేస్తాను. బూడిద రంగయింది. డాక్టరు అడుగులు వినిపించి వెనక్కొచ్చి ఫోను పిడికిట్లో పెట్టుకునే పడుకున్నాను. "మంచం దిగారా?" అంది అనుమానంగా. కుర్చీని మంచం అంటుందేమిటి ఈవిడ. ఆఁ అన్నాను.

పదకొండూ నలభై రెండు. ఫోను పిడికిట్లో కొట్టుకుంటోంది, పిచ్చుకపిల్లలా. డాక్టరు సన్న సూదులతో పన్ను వేళ్ళ దాకా వెళ్ళి గోకుతోంది, నేను బొడ్డు దగ్గర ఫోను పట్టుకుని, తల ఎత్తకుండా కనుగుడ్లు మాత్రం కిందికి దించి చదువుతున్నాను. మేనేజరు, మీ ఆమోదం పోయిందేమిటండీ? మేనేజరు, పొరపాటున నొక్కారా? మేనేజరు, ఒక్క వాక్యం కోసమా? బొటనవేలితో, అక్షరం ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతూ, నాలుగుసార్లు చెరిపి రాశాను. పాత వాక్యం అబద్ధం. అది నేనే రాశాను. దాన్ని నమ్మి ఒకావిడ ఆస్పత్రి గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసింది, లోపల ఆవిడ స్నేహితురాలు ఆ రాత్రే పోయింది. ఆవిడ మా పిన్ని. పంపాను. పంపాక అర్థమైంది, పిన్నికి చెప్పని మాట మేనేజరుకి చెప్పేశానని. ఆవిడ ఇరవై అడుగుల దూరంలో తలుపు అవతల కూర్చుని ఉంది, ఆవిడకి ఇంకా ఏదో యంత్రానికి పాపం తెలీలేదనే తెలుసు. పదకొండూ నలభై ఎనిమిది, జవాబు లేదు. యాభై ఒకటి, లేదు. డాక్టరు టైల్స్ మొత్తం పీకించేసిందట, పీకించి మళ్ళీ ఆకుపచ్చవే వేయించుకుందట, ఓపిక చచ్చిపోయి. వద్దమ్మా, అలా చెయ్యకూడదు, నీలమే వేయించుకోవాలి, అనాలనిపించి ఎడమ చెయ్యి ఎత్తాను. "ఇంకెంత, అయిపోవచ్చింది" అంది. యాభై ఆరుకి ఫోను ఒక్కసారి కొట్టుకుంది. సరే, పెట్టండి. కానీ కాస్త మర్యాదగా, చిన్నదిగా. మందుల వివరాలు అక్కర్లేదేమో. పళ్ళు నూరుదామన్నా వీల్లేదు. మందుల వివరాలు ఉంటాయి అని రాసి, నా వాక్యాన్ని ఉన్నచోట పెట్టి, పచ్చ గుర్తు పెట్టాను. పన్నెండూ ఒకటికి పేజీలు వెళ్ళిపోయాయి.

వరండాలో పిన్ని పక్క కుర్చీలో కూర్చున్నాను. ఇంకో ముగ్గురు దవడలు పట్టుకుని ఉన్నారు అక్కడ. పిన్ని నా మొహం చూసి సంచిలోంచి రుమాలు తీసి నా గడ్డం తుడిచింది. రెండు గంటల దాకా వేడివి తాగకు, చెంప కొరుక్కుంటావు జాగ్రత్త అంది. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను, మత్తు దిగాక చెబుదామనుకున్నాను, అలా అనుకుంటూనే తొమ్మిది రోజులు గడిపానని కూడా అనుకున్నాను. "హిన్నీ, నీతో ఒక మాట చెహ్హాలి" అన్నాను. "ఇప్పుడెందుకే, అర్థం కాదని బాధపడతావు" అని, మళ్ళీ నా కళ్ళలోకి చూసి, "చెప్పు. ముప్పై నాలుగేళ్ళు మత్తు దిగనివాళ్ళ మాటలే విన్నాను" అంది. చెప్పాను. ముద్దముద్దగా, ఉమ్మి కారుతూ, ఒక్క ముక్క వదలకుండా. ఆ ఏజెంటుకి ఆ వేళలు తెచ్చిచ్చింది మా టూలే, అది పాత కాగితం తెచ్చింది, అది ఎప్పుడూ కొత్తదే తెస్తుందని ఏజెంటుకి చెప్పింది నేను. చూడకుండా రాశాను పిన్నీ.

పిన్ని చేతిసంచి మీద చేతులు అలాగే ఉన్నాయి. మొహం ఎదురుగా గోడ వైపు తిప్పుకుంది. తర్వాత, "పొడుగుదానితో నేనెందుకు మాట మానేశానో నీకు చెప్పలేదు కదూ" అంది. "వార్డులో ఒకాయన. ఆరింటికి జ్వరం చూసి చార్టులో రాయాలి. ఆ రోజు పని ఎక్కువ, ఇద్దరమే ఉన్నాం, పొడుగుది చూడలేదు. రెండింటికి ఉన్న అంకే ఆరు కింద మళ్ళీ వేసేసింది. ఎనిమిదింటికి నేను వెళ్ళి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. బతికాడులే, ఏం కాలేదు. నేను తిన్నగా వెళ్ళి హెడ్‌నర్సుకి చెప్పాను. ముందు నన్నడగొచ్చుగా సిస్టర్ అంది పొడుగుది నాతో. చూడకుండా రాసినదానితో నాకు మాటలేంటి అన్నాను." పిన్ని చేతిసంచి జిప్పు లాగి మళ్ళీ మూసింది. "తొమ్మిదేళ్ళు. ఆ రోజు గేటు దగ్గర వాడు రేపు రమ్మంటే నాకు బాధేసిందనుకుంటున్నావు నువ్వు. హమ్మయ్య అనిపించిందే. ఏం మాట్లాడాలో తెలీక మధ్యాహ్నం నుంచి చస్తున్నాను, ఇంకో రోజు దొరికింది కదా అని."

చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "అదీ ఇదీ ఒకటి కాదు, నీ తప్పు నీదే" అంది. "నీతో కూడా ఇంకో తొమ్మిదేళ్ళు మాట మానేసేంత ఆయుష్షు నా దగ్గర లేదు. అందుకని ఇప్పుడే తిట్టేస్తాను, కూర్చో." తిట్టింది. ఆ ముగ్గురూ దవడలు వదిలేసి విన్నారు. చూడకుండా రాస్తావా, చేతులు పడిపోయాయా, పేరు పెట్టుకుని బతకడానికి సిగ్గుండాలి, మీ అమ్మ ఉంటే చెప్పుతో కొట్టేది, పన్నుపోటుకి ఏడుస్తావు గానీ దీనికి ఏడవవేం, అని. ఏడ్చాను. సగం మొహమే ఏడ్చింది, మిగతా సగం తిమ్మిరెక్కి అలాగే ఉంది. తిట్టడం అయ్యాక రుమాలు మడత మార్చి మళ్ళీ నాకే ఇచ్చింది. "ఇప్పుడేం రాశావో చదువు."

ఫోను తీసి చదివాను. రెండు మాటలకోసారి ఆపి, ఏంటీ అని అడిగి, మళ్ళీ చదివించుకుంది. ఈ టూలు కొన్నిసార్లు ఇంతకుముందు దాచి ఉంచిన పాత కాపీని ఇస్తుంది.

"కొన్నిసార్లంటే ఎన్నిసార్లు?"

నేను ఆ వాక్యాన్ని మళ్ళీ పైనుంచి చదువుకున్నాను.

"పాతదంటే ఎన్నాళ్ళ పాతది? గంటా? నెలా?"

"హెలీదు" అన్నాను.

"తెలీకుండా మళ్ళీ రాశావా?" అంది పిన్ని. పన్నెండూ ఇరవై అయింది. నేను ఇంజనీరు నంబరు కలిపి, హలో అందామని నోరు సర్దుకుంటున్నాను, అవతల ఎత్తాడు, పిన్ని నా చేతిలోంచి ఫోను లాక్కుని తన చెవికి పెట్టుకుంది.

"బాబూ, నేను మీ మేడమ్ వాళ్ళ పిన్నిని. తనకి నోరు తిరగట్లేదు, నేనడుగుతాను. మీరు దాచిపెట్టుకుంటారట కదా, ఆ కాపీలు, ఎన్నాళ్ళు ఉంచుతారు?" అవతల ఏదో అన్నాడు. "సుమారుగా వద్దు నాయనా." మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి కాస్త చిన్నగా. "అయితే లేచి వెళ్ళి చూసిరా" అంది పిన్ని, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంటూ. "తొందరేం లేదు. నేను లైన్లోనే ఉంటాను."